పురిటివేళ పెద్దల బాధ్యత



కాన్పు ఆడుదానికి పునర్జన్మ యని మన యిండ్లలో ఏనాటినుండియో చెప్పుకొను మాట. ఆ మాటలో సగము భక్తి, సగము భయము కలవు. బిడ్డ పుట్టుట దైవకృప యని నమ్మి, తల్లి బ్రతుకుటను గూడ దైవమునకే వదలివేసిన దినములను మన తరమువారు చూచియే యున్నారు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల పల్లెలలో పురిటినొప్పులు వచ్చినప్పుడు పిలిచినంతనే వచ్చు 108 అంబులెన్సు బండిని గూర్చియు, ఆ బండి వచ్చుటకు ముందు ఇంటి పెద్దలు చేయవలసిన పనిని గూర్చియు నేడు మీతో నాలుగు మాటలు చెప్పదలచితిని. బండి సంగతి అందరును ఎఱుగుదురు. పెద్దల సంగతియే తఱచుగా మఱచుచున్నాము.

నెల్లూరు జిల్లా పడమటి భాగ మెట్టిదో సముద్రతీరపు గ్రామములవారికి అంతగా తెలియదు. వెలిగొండల దాపున మెట్టభూములు. చెఱువు నిండిననాడు పంట, నిండనినాడు వలస. ఊరికిని ఊరికిని నడుమ దూర మెక్కువ. ఉదయగిరి కొండమీది దుర్గమును గజపతులనుండి 1514లో గెలుచుకొనుటకు కృష్ణదేవరాయలంతటివాడు చాలకాలము ముట్టడి సాగింపవలసివచ్చెను. పగవానికి అందకుండుటకై పూర్వులు కొండను ఆశ్రయించిరి. నాడు రక్షణయైన దూరమే నేడు పురిటిలోనున్న యిల్లాలికి అడ్డమగుచున్నది. ఉదయగిరినుండి నెల్లూరు సుమారు నూరు కిలోమీటర్లు. ఆత్మకూరినుండి అందులో సగమునకు కొంచెము మించును. ఉదయగిరిలోను ఆత్మకూరిలోను ప్రభుత్వ వైద్యశాలలు కలవు. సాధారణమైన కాన్పులు అచ్చటనే జరుగును. కాని ప్రమాదము ముదిరి, ఎక్కువ రక్తము ఎక్కింపవలసి వచ్చినప్పుడును, పెద్ద శస్త్రచికిత్స కావలసినప్పుడును నెల్లూరి పెద్దాసుపత్రికి పంపుట కద్దు.

ఇప్పుడొక లెక్క వినుడు. కాన్పయిన పిమ్మట తల్లికి రక్తస్రావము ఆగక సాగినచో, చికిత్స లేనియెడల ప్రాణము పోవుటకు పట్టు కాలము సగటున రెండు గంటలని వైద్యుల అంచనా. ఉదయగిరినుండి నెల్లూరు చేరుటకు మంచి బండికైనను ఇంచుమించు అంత కాలమే పట్టును. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. ఇంటిలో మనము ఆలోచనలతో గడపిన ప్రతి నిమిషమును ఆ రెండు గంటలలోనుండి తీసివేయవలసినదే.

నేను ఈ మాటలు పుస్తకములు చదివి మాత్రమే చెప్పుట లేదు. 1979వ సంవత్సరమున నా తమ్ముని భార్య మా యింటనే ప్రసవించినది. మా ఊరు ఉదయగిరి ఆత్మకూరుల నడుమ, పెద్దబాటకు దూరముగా లోపలికి ఉండును. రెండవ జామున బిడ్డ పుట్టినది. ఆడపిల్ల. బాగుగానే ఏడ్చినది. మాయ పడిన తరువాత మంత్రసాని బయటికి వచ్చి, రక్తము నిలుచుట లేదని చెప్పినది. బండి కట్టింతమా యని నా తమ్ముడు నన్ను అడిగినాడు. మా తండ్రిగారు అప్పటికి గతించిరి. ఆ యింటికి పెద్దవాడను నేనే. దారిలో వాగున్నది. చీకటి. పచ్చి బాలింత, గాలి సోకునని ఆడువారు అనుచున్నారు. నేను కొంతసేపు ఆలోచించి, “తెల్లవారనీ, మొదటి బస్సుకు పోదము” అంటిని. తొలికోడి కూయుటకు ముందే ఆమె పోయినది. బిడ్డ బ్రతికినది. ఆ బిడ్డకు నేడు నలువదియైదేండ్లు దాటినవి. నన్ను పెదనాన్నా యని పిలుచును. ఆ రాత్రి బండి కట్టినచో ఆమె తప్పక బ్రతికియుండు నని నేను చెప్పజాలను. బండి కట్టలేదని మాత్రము చెప్పగలను. కట్టవద్దన్నది నేనే.

కాన్పులలో తల్లులు చనిపోవుటకు కారణము లేమని లోకమున పలువురు విచారించిరి. 1994లో థేడియస్, మెయిన్ అను ఇద్దరు పరిశోధకురాండ్రు ఆ కారణములను మూడు ఆలస్యములుగా విడదీసి చూపిరి. మొదటిది, వైద్యసహాయము కోరవలెనని ఇంటివారు నిశ్చయించుకొనుటలో ఆలస్యము. రెండవది, వైద్యశాలకు చేరుటలో ఆలస్యము. మూడవది, చేరిన తరువాత తగిన చికిత్స అందుటలో ఆలస్యము. ఆలస్యము అమృతమును గూడ విషము చేయునని మన పెద్దలు ఊరక అనలేదు. మూడవ ఆలస్యమును తీర్చవలసినవారు వైద్యులును ప్రభుత్వమును. రెండవదానిని తీర్చుటకు 108 బండి వచ్చినది. మొదటి ఆలస్యమును తీర్చుటకు ఏ బండియు రాదు. అది మన చావడిలో, మన వసారాలో, మన నోట పుట్టునది.

108 సేవ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన ఆరంభమైనది. ఆ యేడే కేంద్రప్రభుత్వము, తల్లులు ఆసుపత్రులలో ప్రసవించుటకై జననీ సురక్షా యోజనను ప్రవేశపెట్టినది. ఊరూర ఆశా కార్యకర్తల నియామకమునకు అంకురార్పణయు ఆ యేడే జరిగినది. అటుతరువాత బండ్లు పాతబడుట, నిర్వహించు సంస్థలు మారుట మొదలగు ఒడుదుడుకులు కలిగినవి. 2020 జూలై 1వ తేదీన విజయవాడలో 108, 104 సేవలకు చెందిన 1088 బండ్లు ఒక్కదినముననే బయలుదేరదీయబడినవి. ఫలమేమి యన్నచో, 2001 మొదలు 2003 వఱకు గల కాలమున ఉమ్మడి రాష్ట్రములో లక్ష కాన్పులకు 195 మంది తల్లులు మరణించుచుండిరి. 2018 మొదలు 2020 వఱకు గల లెక్కలలో, విభజన పిమ్మటి ఆంధ్రప్రదేశమున ఆ సంఖ్య 45 అయినది. అప్పటికి దేశపు సగటు 97. నేడు మన రాష్ట్రమున నూటికి 96 కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచున్నవని 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. ఇది బండి యొక్కదాని వలన కలిగిన ఫలము కాదు. ఆశా కార్యకర్త, నర్సు, వైద్యుడు, బాట, ఫోను, చదువుకొన్న ఆడపిల్ల, అందరును కలిసి సాధించినది. అయినను మిగిలిన ఆ 45 మంది తల్లులును ఎవరి యింటివారో కదా!

బండిలో ఇద్దరుందురు. ఒకడు బండి నడుపువాడు. వానిని పైలట్ అందురు. రెండవవాడు ప్రథమచికిత్సయందు శిక్షణ పొందిన టెక్నీషియను. మనము ఏ ఫోనునుండి 108 నంబరు నొక్కినను రాష్ట్రమునకంతకు ఒక్కటిగా నున్న కేంద్రమున పలుకుదురు. రుసుము లేదు. మన యూరికి దగ్గఱగా ఏ బండి ఖాళీగా నున్నదో వారు చూచి దానిని పంపుదురు. గర్భిణిని ఎక్కించుకొన్న తరువాత టెక్నీషియను ఆమె నాడిని, రక్తపోటును చూచును. ఆమెను ఎడమప్రక్కకు తిరిగి పరుండుమనును. బరువైన గర్భసంచి వెన్నుదండ కుడిప్రక్కనున్న పెద్ద రక్తనాళముపై పడి నొక్కకుండుటకే యిది. ఆసుపత్రి చేరుటకు ముందే బిడ్డ పుట్టునట్లు తోచినచో బండిని బాటప్రక్కన నిలిపించి అందులోనే పురుడు పోయును. పరుగెత్తు బండిలో, కుదుపులలో కాన్పు చేయరాదు గదా. సందేహము కలిగినప్పుడు కేంద్రముననున్న వైద్యునితో ఫోనులో మాటాడి సలహా పొందును.

2023వ సంవత్సరము మాఘమాసమున ఈ పనిని నేను దగ్గఱనుండి చూచితిని. ఇందాక చెప్పిన ఆ బిడ్డకు ఒక కూతురు కలదు. తొలికాన్పునకు పుట్టింటికి వచ్చియున్నది. ఉదయమునుండియు నడుము నొప్పిగా నున్నను సిగ్గుపడి ఎవరికిని చెప్పలేదట. రాత్రి పదిగంటలకు ఉమ్మనీరు పోయినది. ఇంటిలో ఒక పెద్దమ్మ, “తొలిచూలు కదా, ఇంకను సమయమున్నది, తెల్లవారనీండి” అన్నది. ఆ మాట వినగానే నా చేయి ఫోనుమీదికి పోయినది. బండి వచ్చినది. ఆశా కార్యకర్తయు, పిల్ల తల్లియు లోపల ఎక్కిరి. నేను పైలట్ ప్రక్కన కూర్చుంటిని. రెండు మైళ్లు పోకముందే బాటనిండ కందికట్టె పఱచియున్నది. నూర్పునకై ఎవరో బండ్లచక్రముల క్రింద వేసి పోయినారు. పైలట్ బండిని నెమ్మదిగా దాని మీదుగా నడిపించవలసివచ్చినది. కట్టె చక్రములకు చుట్టుకొన్నచో నిప్పంటుకొను ప్రమాదము గూడ కలదని ఆయన చెప్పినాడు. ఏండ్లతరబడి మా కందికట్టెయు ఆ బాటమీదనే ఆరినదని నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది.

ఆత్మకూరు ఇంకను దూరముండగానే లోపలినుండి టెక్నీషియను బండి ఆపుమన్నాడు. ఒక చింతచెట్టు క్రింద నిలిపిరి. నేనును పైలటును దిగి దూరముగా నిలుచుంటిమి. కొంతసేపటికి బిడ్డ యేడ్పు వినబడినది. తరువాతి సంగతి పిల్ల తల్లి నాకు చెప్పినది. బిడ్డను పొడిగుడ్డతో తుడిచి తల్లి రొమ్ముపైననే పరుండబెట్టిరట. బొడ్డుతాడులో కొట్టుకొనుట ఆగిన పిమ్మట క్లిప్పులు పెట్టి శుభ్రమైన బ్లేడుతో కోసిరట. గర్భసంచి ముడుచుకొనుటకు సూదిమందు ఇచ్చిరట. మాయను లాగక, దానంతట అది వచ్చువఱకు ఓపిక పట్టిరట. అయినను రక్తము మామూలుకంటె ఎక్కువ పోయినది. టెక్నీషియను పొత్తికడుపుపై చేయివేసి గర్భసంచిని మర్దించుచు, సెలైను ఎక్కించుచు, ఫోనులో వైద్యునితో మాటాడుచునే ఆత్మకూరు చేర్చినాడు. అచ్చటి నర్సులు కాన్పుగది ద్వారము తెఱచి సిద్ధముగా నుండిరి. తల్లియు బిడ్డయు బ్రతికిరి. ఆ యువకునికి ఇరువదియైదేండ్లు మించవు. చేతులు కడుగుకొని, నా నమస్కారమునకు ప్రతినమస్కారము చేసి, మఱియొక పిలుపు వచ్చినదని వెడలిపోయినాడు. అతని పేరైనను నేను అడుగలేదు.

అయితే పెద్దలారా, బండి ఆసుపత్రి కాదు. అందులో శస్త్రచికిత్స జరుగదు. రక్తమెక్కించుట కుదరదు. బిడ్డ అడ్డము తిరిగియున్నచో ఆ యిద్దరును చేయగలిగినది త్వరగా చేర్చుట మాత్రమే. కాబట్టి బండి యున్నది కదా యని కడపటి నిమిషము వఱకు కూర్చుండుట తగదు. ఇల్లు అంటుకొన్న తరువాత బావి త్రవ్వుట వంటిది అది. బాటప్రక్కన కాన్పు అగుట గొప్పగా చెప్పుకొనవలసినది కాదు. సకాలమున పిలిచియుండినచో ఆ బిడ్డ ఆసుపత్రిలోనే పుట్టియుండెడిది.

ఇక మనము చేయవలసిన వేమి? మొదట కాన్పునకు ముందటి సంగతి. తొలికాన్పునకు ఆడపిల్లను పుట్టింటికి తెచ్చుట మన ఆచారము. మంచి ఆచారమే. కాని ఆమె నెలనెలయు చూపించుకొన్నది అత్తవారి యూరిలో. అక్కడి ఆశా కార్యకర్తకు ఆమె రక్తహీనత, రక్తపోటు తెలియును. ఇక్కడివారికి ఏమియు తెలియదు. కనుక పిల్ల వచ్చిన దినముననే ఆమె తల్లీబిడ్డల కార్డును మన యూరి ఆశా కార్యకర్తకు చూపించుడు. కాన్పు ఏ ఆసుపత్రిలో జరుగవలెనో, తోడెవరు పోవలెనో, రక్తము కావలసివచ్చినచో ఇచ్చువారెవరో ముందే నిశ్చయించుడు. ఇదివఱకు శస్త్రచికిత్స జరిగినవారును, కవలలు కలవారును, రక్తపోటు ఉన్నవారును చెప్పిన తేదీకి ముందే ఆసుపత్రి ఉన్న ఊరిలో ఉండుట మేలు.

ఎప్పుడు పిలువవలెను? నొప్పులు క్రమముగా, దగ్గఱదగ్గఱగా వచ్చుచున్నప్పుడు. ఉమ్మనీరు పోయినప్పుడు. నొప్పులున్నను లేకున్నను రక్తము కనబడినప్పుడు. బిడ్డ కదలిక తగ్గినప్పుడు. తలనొప్పి మిక్కుటమై చూపు మసకబారినప్పుడు, ముఖము, చేతులు ఉబ్బినప్పుడు. మన వారు గుర్రపువాతమనెడి మూర్ఛ వచ్చుటకు ముందు ఇట్టి గుర్తులు కనబడును. మూర్ఛ వచ్చినప్పుడు భూతవైద్యుని కొఱకు మనిషిని పంపక, 108 నంబరును పిలువవలెను.

పిలిచినప్పుడు తొందరలో ఫోను పెట్టివేయకుడు. జిల్లా, మండలము, గ్రామము, వాడ చెప్పుడు. ఒకే పేరుగల ఊళ్లు పెక్కు కలవు. ఆత్మకూరు అను పేరుతోనే కర్నూలు వైపున మఱియొక పట్టణమున్నది కదా. గుడియో, బడియో, నీళ్లట్యాంకియో గుర్తుగా చెప్పుడు. ఎన్నవ నెల, ఎన్నవ కాన్పు, ఉమ్మనీరు పోయినదా లేదా యని అడుగుదురు. ఆ మాటలు తెలిసిన ఆడమనిషి చేతికి ఫోను ఇండు. పిమ్మట ఒక యువకుని దీపముతో పెద్దబాట దగ్గఱ నిలువుమని పంపుడు. చీకటిలో ఊరు వెదకుటలో పోవు పది నిమిషములు ఆ దీపము మిగుల్చును. ఊరి సంకేతము అందనిచోట ఫోను ఎచ్చట పలుకునో పిల్లలకు గూడ తెలిసియుండవలెను.

బాట సంగతి ముందే చెప్పితిని. బాటమీద కందికట్టె, ఉలవకట్టె, వడ్లు పఱచరాదని ఊరంతయు కూర్చుండి ఒక కట్టుబాటు చేసికొనుడు. కళ్లములు లేకనే రైతులు బాటకు వచ్చుచున్నారు. కాబట్టి పంచాయతీ తరపున ఒక కళ్లము ఏర్పఱచి అటుపిమ్మట కట్టుబాటు చేయుట న్యాయము.

కొందఱు పెద్దలు, బండిలో వచ్చువారు పలువురు పురుషులే కదా, పురుషుడు పురుడు పోయుట యేమని సంకోచింతురు. నొప్పిపడు తల్లికి అట్టి సంకోచము ఉండదు. మన సంకోచమునకు ఆమె ప్రాణము వెలగా పెట్టరాదు. ఇంటి ఆడుది ఒకతె తోడుగా లోపల కూర్చుండును. అది చాలును. ఇంకను కొందఱు వర్జ్యము, రాహుకాలము చూచి గడప దాటింతురు. బిడ్డ పుట్టు గడియను చూచి జాతకము వ్రాయుదురు గాని, గడియను చూచి బిడ్డ పుట్టదు. ఏ ఆసుపత్రికి తీసికొనిపోవలెనో బండివారితో వాదింపకుడు. దగ్గఱలో తగిన చికిత్స ఎచ్చట దొరకునో వారికి తెలియును.

బిడ్డ దారిలో పుట్టినచో బొడ్డుపై బూడిద, నూనె, పేడ ఏదియు పూయరాదు. కొడవలితో బొడ్డు కోసి పేడ అద్దిన కాలమున ధనుర్వాతముచే ఎందఱు శిశువులు పోయిరో మీరెఱుగుదురు. టీకాలచేతను, శుభ్రమైన కాన్పులచేతను ఆ వ్యాధి మన దేశమున దాదాపు అణగిపోయినదని 2015లో ప్రకటింపబడినది. దానిని తిరిగి పిలువవద్దు. వెంటనే స్నానము చేయింపక, వెచ్చగా చుట్టి, గంటలోపల ముర్రుపాలు పట్టింపుడు. కాన్పయినది కదా యని దారినుండియే ఇంటికి మరలుట తగదు. ప్రమాదము పొంచియుండునది కాన్పయిన తరువాతి గడియలలోనే. ప్రభుత్వాసుపత్రినుండి తల్లిని బిడ్డను ఇంటికి చేర్చుటకు వేఱుగా 102 బండ్లు కలవు.

కడపటి మాట యొకటి. ఊరిబయట యానాదుల గుడిసెలు, దళితవాడలు కలవు. అచ్చట ఫోను ఉండకపోవచ్చును. ఉన్నను అందులో డబ్బు లేకపోవచ్చును. 108 నంబరుకు డబ్బు అక్కఱలేదని తెలియకపోవచ్చును. చెఱువుపనికో, ఇటుకబట్టీకో పోయివచ్చిన యిల్లాలి పేరు ఏ పుస్తకములోను ఎక్కకపోవచ్చును. నెలలు నిండినవారు ఆ గుడిసెలలో ఎందఱున్నారో తెలిసికొనియుండుట ఊరిపెద్ద యనిపించుకొనువాని పని. అర్ధరాత్రి వారు వచ్చి తలుపు తట్టినచో, ఎవరని అడుగుటకు ముందే ఫోను చేతికి తీసికొనుడు.

పెద్దరిక మనగా ఆలోచించి చెప్పుట యని నేను చిన్ననాడు నేర్చికొంటిని. చాల విషయములలో అది నిజమే. పొలము కొనునప్పుడు ఆలోచింపుడు. సంబంధము కలుపుకొనునప్పుడు ఆలోచింపుడు. పురిటినొప్పుల వేళ ఆలోచన కాన్పునకు ముందే ముగిసియుండవలెను. ఆ రాత్రి మీరు పలుకదగిన మాట “తెల్లవారనీ” యన్నది కాదు. ఆ మాటను నేనొకసారి పలికితిని. మీరు పలుకకుందురుగాక.